ఆరుబయట కూర్చునే వేళ దోమలు

హైదరాబాద్ గచ్చిబౌలిలో ఆరుబయట కూర్చున్నవాళ్లను కుట్టే దోమల్లో ముఖ్యమైనవి మూడు జాతులు. మూడూ పుట్టే నీళ్లు వేరు, బయలుదేరే వేళలు వేరు, ఎగిరే దూరాలు వేరు. ఈ తేడా తెలియకపోతే ఎంత ఖర్చు పెట్టినా చివరికి కుర్చీ ఎత్తుకుని లోపలికి పోవాల్సిందే.

మొదటిది క్యూలెక్స్. జనం నోట మురుగు దోమ. గోధుమ రంగులో ఉంటుంది, చెవి దగ్గర రొద పెడుతుంది. పొద్దుగూకాక బయలుదేరి రాత్రంతా తిరుగుతుంది. నాలాలు, డ్రైనేజీ, మురుగు కలిసే చెరువులు దీని పుట్టిళ్లు. రాయదుర్గం మల్కం చెరువు, మాదాపూర్ పక్కన దుర్గం చెరువు, ఖాజాగూడ పెద్ద చెరువు వంటివి ఈ ప్రాంతమంతా ఉన్నాయి. ఏ చెరువులోనైనా మురుగు చేరి గుర్రపుడెక్క పరుచుకుంటే, దాని నీడన నీరు కదలకుండా నిలిచిపోతుంది. చేపలు అక్కడికి చేరలేవు. దోమ పిల్లలకు అంతకంటే భద్రమైన చోటు ఉండదు. వానల్లో నాలాల్లోని దోమ పిల్లలు కొట్టుకుపోతాయి కాబట్టి అప్పుడు ఈ దోమ కాస్త తగ్గుతుంది. చలి వెనకబట్టి నీటి పారుదల మందగించే ఫిబ్రవరి, మార్చి నెలల్లో విరగబడుతుంది. బోదకాలు వ్యాధిని మోసేది ఈ దోమే. ఆ వ్యాధికి నేటికీ వాడుతున్న డైఇథైల్ కార్బమజైన్ మందు 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో వెలువడింది. ఆ పరిశోధనను నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. దోమ కథలో తెలుగువాడి పేరు ఇంత గట్టిగా నిలిచిన చోటు మరొకటి లేదు.

రెండోది ఈడిస్. నల్లటి ఒంటి మీద, కాళ్ల మీద తెల్ల చారలు దీని గుర్తు. డెంగీ, చికున్‌గున్యా దీనితోనే వస్తాయి. ఇది పగటి దోమ. పొద్దెక్కిన రెండు గంటలూ, పొద్దు వాలే ముందు రెండు మూడు గంటలూ దీనికి జోరు. ఐటీ కంపెనీల గేట్ల బయట సాయంత్రం నాలుగు గంటల చాయ్ వేళ సరిగ్గా ఇదే సమయం. చప్పుడు తక్కువ. ఎక్కువగా మడమలు, పిక్కలు చూసుకుని వెనక నుంచి కుడుతుంది. దోమలు రాత్రే కుడతాయనుకుని పగలు నిశ్చింతగా ఉన్నవాళ్లు దీని బారిన పడతారు.

మూడోది అనాఫిలస్. నగరాల్లో దీని ప్రధాన జాతి స్టెఫెన్సై. మూత సరిగా లేని ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో, పాత బావుల్లో, కట్టడాల దగ్గరి నీటి తొట్లలో పెరుగుతుంది. మిగతా రెండూ గోడకు సమాంతరంగా వాలితే, ఇది తల దించి తోక పైకెత్తి, మేకు దిగేసినట్టు ఏటవాలుగా నిలుస్తుంది. మలేరియా దీని చలవే. ఆ సంగతికి తొలి ఆధారం దొరికింది కూడా ఈ జంటనగరాల్లోనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ ఒక అనాఫిలస్ దోమ కడుపు కోసి మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడు అందులో మలేరియా పరాన్నజీవి కనిపించింది. ఆ దోమలు రక్తం తాగింది హుసేన్ ఖాన్ అనే రోగి ఒంటి మీద. దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి చెల్లించాడు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో ఇప్పటికీ ఉంది. ఆగస్టు 20 ప్రపంచ దోమల దినమైంది. నోబెల్ ఒకరికి దక్కింది గానీ, ఆ చేయి చాపిన హుసేన్ ఖాన్‌నూ ఈ నగరం గుర్తుంచుకోవాలి.

ఈ మూడు జాతుల్లోనూ కుట్టేది ఆడదోమే. గుడ్లు పెట్టడానికి దానికి రక్తంలోని మాంసకృత్తులు కావాలి. మనిషిని అది వెతుక్కునే పద్ధతి ఒక దారిలాంటిది. ముందుగా ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ వాసన పదుల మీటర్ల దూరం నుంచి తగులుతుంది. ఆ తీగ పట్టుకుని గాలికి ఎదురుగా వస్తుంది. దగ్గరపడ్డాక చెమటలోని లాక్టిక్ ఆమ్లం, చర్మం వాసన, కంటికి కనిపించే రంగు సాయపడతాయి. చివరి జానెడు దూరంలో ఒంటి వేడి, తేమ చెబుతాయి ఎక్కడ వాలాలో. ఆరుబయట కూర్చునేవాళ్లకు పనికొచ్చే ఉపాయాలన్నీ ఈ దారిని ఎక్కడో ఒకచోట తెంపేవే. తెంపలేనివి ఎంత ఘాటుగా ఉన్నా వృథా.

తెంపడంలో అన్నిటికంటే చవకైనది, చాలామంది పట్టించుకోనిది ఫ్యాన్. దోమ బలహీనంగా ఎగురుతుంది. మామూలుగా దాని వేగం గంటకు రెండు కిలోమీటర్లకు అటూ ఇటూ. అంటే నడిచే మనిషికంటే తక్కువ. టేబుల్ ఫ్యాన్ గాలి రెండు మీటర్ల దూరంలో కూడా దానికంటే చాలా వేగంగా ఉంటుంది. దోమ ఆ గాలికి ఎదురీదలేదు. అంతేకాదు, ఊపిరి వాసనను, చెమట వాసనను ఆ గాలి చెదరగొట్టేస్తుంది, దోమకు తీగ దొరకదు. ఎత్తైన అపార్ట్‌మెంట్ బాల్కనీలో గాలి ఆడుతున్నంతసేపూ దోమ లేకపోవడానికీ, పొద్దు వాలాక గాలి పడిపోగానే ముసురుకోవడానికీ కారణం ఇదే.

ఫ్యాన్ ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం. మొహానికి తగిలేలా బల్ల మీద పెడితే పై ఒంటికి రక్షణ దొరుకుతుంది, బల్ల కింద మాత్రం గాలి చేరని నీడ మిగులుతుంది. పాదాలు ఉండేది అక్కడే. ఈడిస్ వెతికేదీ వాటినే. కాబట్టి ఫ్యాన్‌ను నేల మీదో, పొట్టి పీట మీదో ఉంచి, మోకాళ్ల కింది నుంచి గాలి పారేలా తిప్పాలి. నలుగురైదుగురు కూర్చుంటే స్టాండు ఫ్యాన్ ఒకటి పైన, టేబుల్ ఫ్యాన్ ఒకటి కింద, ఎదురెదురు దిక్కుల నుంచి పెడితే ఎవరి వెనకా నిలకడ గాలి మిగలదు. మేడ మీద వాడేటప్పుడు ఎక్స్‌టెన్షన్ బోర్డు తడి నేల మీద ఉండకూడదు. పిల్లలు తిరిగే చోట జాలీ ఉన్న ఫ్యానే వాడాలి.

తర్వాతది బట్ట. వదులుగా, ఒళ్లంతా కప్పే నూలు బట్ట మంచిది. లెగ్గింగులు, బిగుతు జీన్స్ ఒంటికి అంటుకుని ఉంటాయి కాబట్టి పలుచటి చోట దోమ తొండం గుడ్డలోంచే దిగుతుంది. లూజు పైజామాలో గుడ్డకూ చర్మానికీ మధ్య సందు ఉంటుంది, తొండం అందదు. రంగు విషయంలో 2022లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక సంగతి తేల్చారు. కార్బన్ డయాక్సైడ్ వాసన తగిలిన ఈడిస్ దోమలు ఎరుపు, నారింజ, నలుపు రంగుల వైపు ఎగబడ్డాయి. తెలుపు, ఆకుపచ్చ, ఊదా రంగులను పట్టించుకోలేదు. మనిషి చర్మం ఏ ఛాయదైనా దోమ కంటికి ఎర్రటి నారింజ వెలుగునే ఇస్తుంది. అంటే సాయంత్రం మేడ మీదికి వెళ్లేటప్పుడు నల్ల టీషర్టు మార్చి తెల్ల లాల్చీ తొడుక్కోవడానికి శాస్త్రం కూడా తోడుంది. నడివేసవిలో మేడ మీద పడుకునే వాళ్లకు దోమతెరను మించింది లేదు. దాని అంచులు పరుపు కిందకి దోపుకోవాలన్నది మాత్రం మరవకూడదు.

ఒంటికి రాసుకునే మందుల్లో ఎక్కువగా పరీక్షించినది డీట్. 1946లో అమెరికా సైన్యం కోసం తయారైంది, 1957 నుంచి మామూలు జనానికి అందింది. 10 శాతం డీట్ సుమారు రెండు గంటలు, 30 శాతం సుమారు ఐదు గంటలు కాపాడుతుంది. తెలుగిళ్లలో దోమల క్రీముకే మారుపేరైన ఓడోమాస్‌లో ఉండే డైఇథైల్ బెంజమైడ్ కూడా డీట్‌కు దగ్గరి చుట్టమే. పికారిడిన్ అనేది వాసన తక్కువగా, జిడ్డు లేకుండా ఉండే మరో మంచి మందు. ఏది రాసినా సెంటులా చుక్క పెట్టుకుంటే కుదరదు. గుడ్డ కప్పని చర్మమంతా పలుచగా పరుచుకోవాలి. చెవి వెనక, మడమ మీద వేలెడు మేర వదిలేసినా దోమ అక్కడే వాలుతుంది. సన్‌స్క్రీన్ కూడా వాడేటట్లయితే ముందు అది, ఆరాక దీన్ని రాయాలి. రెండు నెలలు నిండని పసిబిడ్డలకు డీట్ రాయకూడదు. ఉయ్యాలకు తెర కట్టడమే దారి. పిల్లలకు పెద్దవాళ్లు తమ చేత్తో రాయాలి, పిల్లల అరచేతులకు మాత్రం రాయకూడదు, ఆ చేతులు నోట్లోకీ కళ్లలోకీ పోతాయి. కొబ్బరినూనెలో 2 శాతం వేపనూనె కలిపి రాస్తే అనాఫిలస్ బాగా తగ్గినట్టు 1990లలో మన దేశంలో జరిగిన పరీక్షల్లో తేలింది. మిగతా జాతుల మీద ఆ ఫలితం అంత నిలకడగా రాలేదు. నిమ్మగడ్డి నూనె వాసన త్వరగా ఎగిరిపోతుంది, గంట తిరక్కుండానే మళ్లీ రాయాల్సి వస్తుంది. ఇక కుండీలో పెంచే నిమ్మగడ్డి, తులసి, బంతి మొక్కలు ఆకు నలపకపోతే నూనె వదలవు. వాటి పక్కన కూర్చున్నంత మాత్రాన దోమ వెనక్కి పోదు.

పొగ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. పశువుల కొట్టంలో వేపాకు పొగ వేయడం పల్లెల్లో తరతరాల అలవాటు. కాయిల్ మాత్రం జపాన్ నుంచి వచ్చింది. ఎయిచిరో ఉయెయామా అనే వ్యాపారి చామంతి జాతి పూల పొడితో 1890లో దోమల కడ్డీ చేశాడు. అది త్వరగా కాలిపోతుంటే, దాన్ని చుట్టలా మలచమని భార్య యూకీ సలహా ఇచ్చింది. గది లోపల ఆ మందు పనిచేస్తుంది. ఆరుబయట గాలికి పొగ ఎటో పోతుంది, కూర్చున్నవాళ్లకు దగ్గు మిగులుతుంది. 2003లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఒక్క కాయిల్ కాలితే వెలువడే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగకు సమానం. ఆస్తమా ఉన్నవాళ్లు, చంటిపిల్లలు ఉన్న చోట దీన్ని బల్ల కింద పెట్టడం తగదు. ప్లగ్గుకు తగిలించే లిక్విడ్ మిషన్లు మూసిన గదుల కొలతకు చేసినవి, బాల్కనీలో వాటి ఆవిరి నిలవదు. దోమల అగరబత్తి కొనేముందు ప్యాకెట్టు మీద కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడాలి. ఆ నంబరు లేని కట్టలో ఏ రసాయనం ఎంత మోతాదులో ఉందో చెప్పగలిగేవాళ్లు ఉండరు. ప్రాణం మీదికి తెచ్చుకునే చవక అది.

చప్పుడుతో దోమలను తరిమే పరికరాలూ, సెల్‌ఫోన్ యాప్‌లూ పనిచేయవు. 2007లో కోక్రేన్ సంస్థ పది క్షేత్ర పరీక్షలను కలిపి పరిశీలించి, ఆ చప్పుడు వల్ల కుట్టడం తగ్గలేదని తేల్చింది. నీలం లైటుతో పురుగులను రప్పించి చంపే కరెంటు పెట్టెల తీరు మరీ అన్యాయం. 1996లో అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అలాంటి పెట్టెల్లో చచ్చిన పురుగులను లెక్కపెట్టారు. మొత్తం 13,789. వాటిలో మనిషిని కుట్టే రకాలు 31 మాత్రమే. మిగతావాటిలో చాలావరకు పక్షులకు తిండి అయ్యేవో, పంటలకు మేలు చేసేవో. మనిషిని వెతికే దోమ లైటుకంటే ఊపిరి వెంటే ఎక్కువగా వస్తుంది. చేతిలో పట్టుకునే దోమల బ్యాట్ దీనికంటే నయం, కనిపించిన దోమనే చంపుతుంది.

లైటును చూసి వచ్చేవి వేరే ఉన్నాయి. తొలకరి పడ్డ సాయంత్రం నేలలోంచి లేచే ఉసిళ్లు, చెరువుల దగ్గర గుంపుగా తిరిగే నుసుములు, రెక్కల పురుగులు. ఇవి కుట్టవు గానీ అన్నంలో పడతాయి. తెల్లటి, నీలి ఛాయ ఉన్న ఎల్ఈడీలకు ఎక్కువగా వస్తాయి, పసుపు ఛాయ బల్బుకు తక్కువగా వస్తాయి. తినే బల్ల మీద మసక పసుపు దీపం ఒకటి ఉంచి, తెల్ల లైటును పది పదిహేను అడుగుల అవతల పెడితే పురుగంతా అటు పోతుంది. ఉసిళ్ల హడావుడి గంటసేపే, అప్పటిదాకా దీపాలు ఆర్పేసినా సరిపోతుంది.

వానాకాలంలో లైటు కిందికి వచ్చే ఒక పురుగును మాత్రం చేత్తో నలపకూడదు. సన్నగా, చీమ కంటే కాస్త పొడవుగా, నారింజ, నలుపు పట్టీలతో ఉంటుంది. శాస్త్రజ్ఞులు దీన్ని పెడెరస్ అంటారు. ఇది కుట్టదు, కరవదు. మెడ మీద పాకుతుంటే అలవాటుగా చేత్తో చిదిమితే లోపలి ద్రవం చర్మానికి అంటుకుని, ఒకటి రెండు రోజుల్లో కాలినట్టు గీతలా బొబ్బ లేస్తుంది. నోటితో ఊదేసి, ఆ చోట సబ్బుతో కడుక్కోవాలి. తేనెటీగల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఈ ప్రాంతపు ఎత్తైన భవనాల సన్‌షేడ్ల కింద, బాల్కనీల అంచున పెద్ద తేనెటీగలు పట్లు పెడతాయి. రాత్రి లైటుకు ఇవీ వస్తాయి. పట్టు దగ్గరలో ఉంటే బాల్కనీ లైటు ఆర్పి వేరే చోట కూర్చోవాలి. పొగ పెట్టడం, రాయి విసరడం, మందు కొట్టడం చేస్తే గుంపంతా లేస్తుంది. తెలిసినవాళ్లను పిలిపించి తీయించాలి.

ఇదంతా వచ్చిన దోమను ఆపే పని. దోమ పుట్టే చోటు సంగతికి వస్తే, జాతుల తేడా మళ్లీ అక్కరకొస్తుంది. క్యూలెక్స్ కిలోమీటరు, రెండు కిలోమీటర్లు కూడా ఎగిరి రాగలదు. చెరువులో గుర్రపుడెక్క తీయించడం, డ్రోనుతో మందు చల్లించడం, దోమ పిల్లలను తినే గంబూసియా చేపలు వదలడం, నాలాలో ఆయిల్ బాల్స్ వేయడం మున్సిపల్ ఎంటమాలజీ సిబ్బంది పనులు. ఫాగింగ్ ఆ క్షణాన ఎగిరే దోమలనే చంపుతుంది, నీటిలోని దోమ పిల్లలకు తగలదు. ఒక కుటుంబం తన వాకిలి ఎంత శుభ్రం చేసుకున్నా ఈ దోమ ఆగదు. దీనికి ఫ్యానూ క్రీమే దిక్కు. ఈడిస్ అలా కాదు. అది పుట్టిన చోటు నుంచి మామూలుగా వంద, రెండు వందల మీటర్లు దాటదు. పట్టపగలు చారల దోమ కుట్టిందంటే, అది పుట్టిన నీరు ఆ ఆవరణలోనో, పక్క ప్లాటులోనో ఉన్నట్టే లెక్క.

గచ్చిబౌలిలో ఆ పక్క ప్లాటు చాలాసార్లు కట్టడం జరుగుతున్న చోటే. కొత్తగా పోసిన స్లాబు గట్టిపడటానికి దాని మీద ఇసుక సిమెంటుతో చిన్న గట్లు కట్టి నీళ్లు నిలుపుతారు. దీన్నే క్యూరింగ్ అంటారు. భారతీయ ప్రమాణాల ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఎండ మండే రోజుల్లో 10 రోజులు స్లాబు తడిగా ఉండాలి. ఈడిస్ గుడ్డు ఎగిరే దోమ కావడానికి కూడా వెచ్చటి వాతావరణంలో పట్టేది సుమారు 7 నుంచి 10 రోజులే. రెండు గడియారాలూ ఒక్కటే. వారం మధ్యలో ఒకసారి ఆ నీళ్లు తోడిపోసి, స్లాబు ఆరనివ్వకుండా వెంటనే కొత్త నీళ్లు పెట్టినా, తడి గోనెపట్టలు కప్పి క్యూరింగ్ చేసినా స్లాబుకు నష్టం లేదు, దోమకు వ్యవధి ఉండదు. లిఫ్టు గుంటలు, సెల్లారులో ఊరే నీరు, మూతలేని డ్రమ్ములు కూడా చూసుకోవాలి.

ఈ నేల మీద ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి రాతి దొనలు. ఖాజాగూడ గుట్టల మీద, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో సాయంత్రాలు ఎక్కి కూర్చునే నల్లరాతి బండలకు సహజమైన గుంటలుంటాయి. వాన నిలిస్తే అవి తొట్లవుతాయి. ఈడిస్ విటాటస్ అనే జాతి ఇలాంటి రాతి గుంటలనే కోరుకుంటుంది. బండ మీద చాప పరిచే ముందు చుట్టూ చూసి, దొనలో నీరుంటే దూరంగా జరగాలి. అది పక్షులు తాగే, కప్పలు ఉండే నీరు కూడా కాబట్టి అందులో నూనె, మందు పోయకూడదు.

ఇంటి దగ్గర నీరు నిలిచే చోట్లు చిన్నవి. పూలకుండీ కింద పళ్లెం, మనీప్లాంటు సీసా, ఏసీ నీళ్లు పడే బకెట్టు, కూలర్ అడుగు, పిట్టలకు పెట్టిన మూకుడు, మేడ మీద పడేసిన టైరు. ఆఫ్రికా అడవుల్లో చెట్టు తొర్రల్లో పుట్టే ఈడిస్‌కు ఇవన్నీ తొర్రలే. కుండీ పళ్లెంలోని నీళ్లను దగ్గరగా చూస్తే, తలకిందులుగా వేలాడే సన్నటి పురుగులు కనిపిస్తాయి. తోక చివరి గొట్టం నీటి పైకి ఆనించి గాలి పీలుస్తుంటాయి. నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకు దిగుతాయి, కాసేపటికి ఊపిరికి మళ్లీ పైకొస్తాయి. వాటి పక్కన కామా ఆకారంలో దొర్లేది ప్యూపా. అది కనిపించిందంటే దోమ ఎగరడానికి ఇంకా రెండు రోజులే. 2020లో తెలంగాణ మున్సిపల్ శాఖ ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అనే కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న వారం గడువు ఆ 7 నుంచి 10 రోజుల లెక్క మీదే నిలబడింది.

ఆ పది నిమిషాల్లో నీళ్లు ఒంపేస్తే సగం పనే అయినట్టు. ఈడిస్ గుడ్లు నీటిలో తేలవు. నీటి మట్టానికి కాస్త పైన, తడి అంచుకు మిరియపు పొడి అంటినట్టు నల్లగా అతుక్కుని ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగిలిన రోజున పొదుగుతాయి. పళ్లెం ఒంపాక కొబ్బరి పీచుతో లోపలి అంచు చుట్టూ గట్టిగా రుద్ది, కడిగి, ఎండలో బోర్లించాలి.